పాత చిన్నకారులో అరకులోయకు

యాత్ర యనగానే మనకు క్షేత్రములు, తీర్థములు, సత్రములు జ్ఞప్తికి వచ్చును. చూచిన దేవాలయమును గూర్చియు, తిన్న ప్రసాదమును గూర్చియు వ్రాయువారు పెక్కుమంది కలరు. మనలను మోసికొనిపోయి మరల నింటికి చేర్చిన బండిని గూర్చి వ్రాయువారు మాత్రము అరుదు. ఎద్దుబండ్ల కాలమున ఎద్దులకు దాణా వేయుట, లాడములు చూచుట, ఇరుసునకు కందెన పెట్టుట ఇంటి స్త్రీలకును తెలిసియుండెడిది. నేడు వాకిట కారు నిలిచియున్న యిండ్లలో దాని ముందుమూత నెత్తి చూచిన స్త్రీలెందఱు? ఈ వ్యాసమున మేము విశాఖపట్టణమునుండి అరకులోయకు పోయివచ్చిన త్రోవను గూర్చియు, ఆ త్రోవను మమ్ము నడిపించిన పాత చిన్నకారును కాపాడుకొను విధమును గూర్చియు కలిపి చెప్పదలచితిమి.

మా కారు మారుతి 800. ఈ జాతిలో మొదటి కారు తాళపుచెవులను 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీని ఆనాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీగారు కొనుగోలుదారున కందించిరి. జపాను దేశపు సుజుకీ సంస్థ తోడ్పాటుతో గుర్‌గావ్ కర్మాగారమున తయారైన ఈ బండి 2014 జనవరి వఱకు వెలువడుచుండెను. ఇంజను పరిమాణము 796 ఘనసెంటీమీటర్లు, సిలిండర్లు మూడే. దేశమున ఎన్నియో మధ్యతరగతి కుటుంబములకు ఇదియే మొదటి కారు. మాది 2007 నాటిది. మా మామగారు ఉద్యోగవిరమణము చేసిననాడు కొనినది. వారిప్పుడు లేరు. బండికి మొదటి పదునైదేండ్ల రిజిస్ట్రేషను ముగియగా, 2022లో పరీక్ష చేయించి మఱి యైదేండ్లకు పొడిగించుకొంటిమి. ఆ గడువు తీరవచ్చుచున్నది. "ముసలిబండికి మరల ఖర్చెందుకు? ఇనుపసామానులవానికి ఇచ్చివేయుడు" అని ఇంటి మగవారు తీర్మానించిరి. వారు ఉద్యోగములకై దూరప్రదేశములందున్నారు. ఇంటిలో బండి నడుపువారము మేమును, మా వదినగారును మాత్రమే. అత్తగారిని వైద్యునియొద్దకు గొనిపోవుటకును, పిల్లను చదువునకు దింపుటకును, పెండ్లిపేరంటములకును మాకున్న కాళ్లు ఈ నాలుగు చక్రములే. కావున మేమొక మాట యంటిమి: "అత్తగారికి బొఱ్ఱా గుహలు చూడవలెనని చిరకాలముగా కోరిక. ఈ కారుననే పోయివత్తుము. కొండయెక్కి క్షేమముగా దిగినచో ఉంచుదము. లేనిచో మీరు చెప్పినట్లే చేయుదము." అందఱును సరే యనిరి.

పయనమునకు ముందునాటి పనులు మొదట చెప్పవలెను. ఉదయమున ఇంజను చల్లగా నున్నప్పుడు, బండి సమతలమున నుండగా చూచినగాని కొలతలు సరిగా తెలియవు. ఇంజనాయిలును చూచు పుల్లను పైకి తీసి, పాతగుడ్డతో తుడిచి, మరల లోపలికి దూర్చి తీయవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. క్రింది గుర్తునకు దిగినచో కొంచెము కొంచెముగా పోయవలెనేగాని ఒక్కమాఱు నిండింపరాదు; హెచ్చుగా నున్నను కీడే. ఆయిలు నల్లబడుట సహజము. పాలు కలిపిన కాఫీవలె తెల్లబారి నురుగు కట్టియున్నచో ఇంజనులోని నీరు నూనెలో కలియుచున్నదని సంశయింపవలెను. అట్టి బండిని కొండకు కాదుగదా, అంగడికిని తీసికొనిపోరాదు.

తరువాత కూలెంటు. ఇది ఇంజను వేడిని రేడియేటరునకు చేరవేయు నీరు. ప్రక్కనున్న తెల్లని డబ్బాపై ఎగువ దిగువ గుర్తులుండును. నీరు వాని నడుమ నుండవలెను. బావినీరు, కుళాయినీరు పోయుట మంచిది కాదు. స్నానపునీళ్ల బాయిలరులో తెల్లని పెచ్చు కట్టుట మన మెఱుగుదుము గదా! ఆ సున్నమే రేడియేటరు సన్నని గొట్టములలోను పేరును. శుద్ధజలముతో కలిపిన కూలెంటునే వాడవలెను. ఇంజనును వేడెక్కనిచ్చి, విద్యుత్పంకా తనంతట తాను తిరుగువఱకు నిలిచి చూచితిమి, అది తిరిగినది. ఈ పంకాకు ఎప్పుడు తిరుగవలెనో తానే యెఱుక. ఇంజను ఆర్పిన తరువాతను ఒక్కొకసారి తిరుగ నారంభించును. కావున మూత క్రిందికి వంగునప్పుడు చీరకొంగు దోపుకొని, జడ ముడివేసికొని, చేతి గాజులు తీసి ప్రక్కన పెట్టవలెను. బంగారు గాజు బ్యాటరీ కొనకును ఇనుమునకును ఒక్కమాఱు తగిలిన చాలును, ఎఱ్ఱగా కాలి చేయి కాల్చును.

బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొడి చేరియుండెను. మొదట నల్లతీగను, తరువాత ఎఱ్ఱతీగను విప్పి, వేడినీట వంటసోడా కలిపి పాత పండ్లబ్రష్షుతో రుద్దితిమి. పొంగి పొడి యంతయు పోయెను. ఆరిన పిమ్మట ఎఱ్ఱతీగను ముందు, నల్లతీగను వెనుక బిగించి పైన వ్యాసలీను పూసితిమి. తాళము త్రిప్పినప్పుడు ఇంజను తిరుగక 'టిక్ టిక్' మనుట కూడ పలుమార్లు ఈ పొడివలననే సంభవించును; క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు ఈ పనిచేసి చూచినవారికి వేలరూపాయలు మిగులవచ్చును.

టైరులకు గాలి చల్లగా నున్నప్పుడే కొలిపింపవలెను. స్టెపినీని మఱువరాదు. టైరు అరుగకున్నను వయసుచే గట్టిపడి పగుళ్లిచ్చును. దాని ప్రక్కగోడపై నాలుగంకెలు అచ్చువేసియుండును: మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. చక్రము మార్చుట వాకిటనే అభ్యసించితిమి. హ్యాండుబ్రేకు వేసి, మొదటి గేరులో నుంచి, ఎదురుమూల చక్రమునకు రాయి అడ్డుపెట్టి, బండి నేలపై నుండగానే నాలుగు నట్లను కొంచెము వదులు చేయవలెను. ఆ పిమ్మటనే జాకీ ఎత్తవలెను. ముందు జాకీ ఎత్తి తరువాత నట్లు విప్పబోయినచో చక్రము చేతితోపాటు తిరుగును, బండి జాఱును. క్రొత్త చక్రము పెట్టిన తరువాత నట్లను ఒకదాని కెదురుగా మఱియొకటిగా బిగింపవలెను. బండి క్రింద ఎన్నడును చేయిగాని కాలుగాని పెట్టరాదు. బిగిసిపోయిన నట్టును చేతిబలముతో విప్పలేకున్న స్పానరుపై కాలు మోపి శరీరభారము నుంచిన వదులగును. దీనికి మగబలము వలయునన్నది వట్టిమాట.

ఒక తెల్లవారుజామున నలుగురము బయలుదేరితిమి: మేము, వదినగారు, అత్తగారు, వదినగారి పదునొకండేండ్ల కుమార్తె. విశాఖనుండి అరకు నూటపదునైదు కిలోమీటర్లకు ఇంచుమించు. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరుదాక దారి సమతలమే. ఇరుప్రక్కల మామిడితోటలు, జీడితోటలు. దూరమున నీలిగీతవలె తూర్పుకనుమలు. శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని, పెట్రోలు పోయించితిమి. నేడు పెట్రోలులో ఇథనాలు ఇరువదిశాతము వఱకు కలిసివచ్చుచున్నది. పాత బండ్లలోని రబ్బరు గొట్టములు, బిళ్లలు దానివలన త్వరగా చెడవచ్చును. కావున వానిని అప్పుడప్పుడు పరీక్షించి మార్పించుకొనవలెను. బండిలోపల పెట్రోలు వాసన వచ్చినచో ఆలస్యము కూడదు, ఆనాడే చూపింపవలెను.

బొద్దవర దాటగానే కొండ మొదలగును. రెండవ గేరు, మూడవ గేరు తప్ప నాలుగవదానికి పని లేదు. ఎక్కుడులో హెచ్చు గేరున లాగించినచో ఇంజను మూలుగును, వేడియు పెరుగును. మలుపు మలుపునకు హారను కొట్టి, ఎక్కుచున్న బస్సులకు ఎడమిచ్చి, నింపాదిగా పోవుచుంటిమి. టైడా దాటిన తరువాత లోయ తెఱచుకొనును. క్రిందనుండి మేఘము లేచివచ్చి దారిని కప్పుచుండ, అత్తగారు చేతులు జోడించిరి. సరిగా అప్పుడే పిల్ల, "అత్తా! ఆ ముల్లు పైకి పోతోంది" అనెను.

చూడగా వేడిని తెలుపు ముల్లు నడుమనుండి 'హెచ్' అను నక్షరమువైపు ప్రాకుచుండెను. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. నిలుపుటకు చోటు లేదు. వదినగారు వెంటనే ఏసీ ఆర్పి, హీటరును పూర్తిగా తిప్పి, అద్దములు దింపిరి. ఎండలో హీటరేమని అత్తగారు విసుగుకొనిరి. హీటరు నిజమునకు మఱియొక చిన్న రేడియేటరే. ఇంజను వేడిని కొంత మనమీదికి లాగి బండిని కాచును. ముల్లు అచ్చటనే నిలిచెను. మఱి రెండు మలుపులు తిరుగగా డముకు వద్ద టీ అంగడియు, వెడల్పైన చోటును కనబడెను. ఆపి, చక్రములకు రాళ్లుపెట్టి, ఇంజను ఆర్పితిమి.

మూత యెత్తగా రేడియేటరు బుసకొట్టుచుండెను. వెనుకనే వచ్చిన లారీ యొకటి ఆగెను. క్లీనరు కుఱ్ఱవాడు బకెట్టుతో నీళ్లు పట్టుకొని పరుగెత్తివచ్చి, "తప్పుకోండమ్మా, మూత తీసి నీళ్లు కొట్టేస్తే ఐదు నిమిషాల్లో పోవచ్చు" అనెను. మంచిమనసుతో అన్నమాటయే. అత్తగారు, "అబ్బాయి తెలిసినవాడు, వాణ్ణి చూడనియ్యండే" అనిరి. మబ్బు కమ్ముచున్నది, అత్తగారికి మధ్యాహ్నపు మందుల వేళ కావచ్చినది. అయినను వదినగారు రేడియేటరు కడ్డముగా నిలిచి, "తమ్ముడూ! కుక్కరు కూత వేస్తుండగా మూత తీస్తామా? అరగంట ఆగుదాం" అనిరి.

ఈ పోలిక వినోదమునకు కాదు. రేడియేటరు మూత లోపల నావిరిని ఒత్తిడిలో బంధించియుండుటచే అందలి నీరు నూఱు డిగ్రీలు దాటినను మరగక యుండును. మూత వదులగునంతనే ఒత్తిడి పోయి, నీరంతయు ఒక్కసారి మరగి ముఖముపై చిమ్మును. చూపు పోయినవారును కలరు. కాలిన ఇంజనుపై చన్నీరు క్రుమ్మరించినను ఇనుము చిట్లవచ్చును. కుఱ్ఱవాడొక క్షణమాలోచించి, "మా డ్రైవరుగారూ అదే అంటారమ్మా" అని బకెట్టు దింపెను. అంగడి నడుపు గిరిజన స్త్రీ అత్తగారికి బల్ల వేసి, వేడి టీ ఇచ్చి, మందు మ్రింగించెను. డబ్బు పుచ్చుకొమ్మన్న టీకి మాత్రము పుచ్చుకొనెను.

ఆ యరగంటలో కారణము వెదకితిమి. క్రింద నీరు కారిన జాడ లేదు, గొట్టములు పగులలేదు, బెల్టు తెగలేదు. డబ్బాలో నీరు కొంచెమే తగ్గియుండెను. ఇంత వేడిలోను పంకా కదలకుండెను. మిగిలినది విద్యుత్తు. బండితో వచ్చిన చిన్న పుస్తకమును పిల్ల చదివి, ఫ్యూజుల పెట్టెలో పంకా ఫ్యూజు ఏదియో చూపెను. తీసి వెలుతురునకు పట్టగా అందలి సన్నని తీగ తెగియుండెను! సమతలమున వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే పంకా పని చేసినది. కొండయెక్కునప్పుడు వేగము తగ్గి, శ్రమ హెచ్చగా లోపము బయటపడినది. మాయొద్ద నాలుగైదు ఫ్యూజులు పొట్లము కట్టి యుండెను. పాతదానిపై ఎన్ని ఆంపియర్లని యున్నదో సరిగా అన్నియే గలదానిని పెట్టితిమి. హెచ్చుది పెట్టుటగాని, తీగముక్క చుట్టుటగాని చేసినచో ఫ్యూజు నిలుచును, తీగలు కాలి బండియే అంటుకొనును.

ఇంజను తాకదగినంత చల్లబడిన తరువాత మందపు గుడ్డతో మూతను మెల్లగా, ముందు కొంచెము త్రిప్పి, ఆవిరి పోనిచ్చి తీసితిమి. తెచ్చుకొన్న కూలెంటు పోసి, తాళము త్రిప్పితిమి. ముల్లు నడుమకు వచ్చెను. ఇంకను కొంచెము లేచెను. మేమందఱము ఊపిరి బిగబట్టియుండ పంకా 'గుఱ్ఱు' మని తిరిగెను. క్లీనరు కుఱ్ఱవాడు మాకంటె ముందు చప్పట్లు కొట్టెను.

దారిలో ముల్లుపై కన్నుంచి, బొఱ్ఱా వైపు మళ్లితిమి. సముద్రమట్టమునకు సుమారు ఏడువందల మీటర్ల ఎత్తున గోస్తనీనది ఒడ్డున నున్న సున్నపురాతి గుహలివి. వాననీరు రాతిలోని సున్నమును కరగించుకొని చుక్కచుక్కగా జాఱుచు, చుక్కచుక్కకు కంటికానని పొర నుంచిపోవుటవలన పైనుండి వ్రేలాడు స్తంభములును, క్రిందనుండి లేచిన లింగములును ఏర్పడినవి. అత్తగారు చేతికఱ్ఱ ఊతతో మెట్లు దిగి శివలింగమునకు మ్రొక్కిరి. రేడియేటరును పూడ్చు సున్నమును, ఈ యద్భుతమును కట్టిన సున్నమును ఒక్కటియే గదా యని మాకు తోచినది. సమీపముననే కొత్తవలస నుండి కిరండూల్ పోవు రైలుమార్గము. బైలదిల్లా ఇనుపఖనిజమును ఓడరేవునకు చేర్చుటకై 1960వ దశకమున సొరంగములు త్రవ్వి వేసిరి.

అనంతగిరి దాటిన పిదప వెండిఓకు చెట్లనీడలో కాఫీతోటలు, చెట్లకు ప్రాకిన మిరియపుతీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గిరిజన కుటుంబములే దానిని పండించుచున్నవి. గాలికొండకడ చల్లగాలికి పిల్ల శాలువ కప్పుకొనెను. దిగినంతనే సుమారు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున అరకులోయ, కొండల నడుమ పళ్లెరమువలె పఱచుకొనియుండెను.

అరకులో మఱునాడు ఒక మెకానిక్కునకు బండి చూపితిమి. ఫ్యూజు ఊరక తెగదు, తెగుటకు కారణముండును. అతడు పంకాకు పోవు తీగను వెంబడించి చూడగా, ఒకచోట ఇనుపరేకు నొఱసి పైతొడుగు అరిగియుండెను. కుదుపులకు లోని రాగి రేకును తాకినప్పుడు ఫ్యూజు తెగినది. అక్కడ తొడుగు వేసి, తీగను రేకునకు దూరముగా కట్టెను. ఏమి జరిగినది, ఎప్పుడు జరిగినది, ఏమి చేసితిమి అని మేము వరుసగా చెప్పుటచే అతనికి వెదకు శ్రమ తగ్గెను. ఇదివఱకు మా పట్టణమున ఒక షెడ్డులో ఇట్టి సంగతికే "అమ్మా, రేడియేటరే మార్చాలి" అని వేలలో లెక్కచెప్పిరి. స్త్రీ బండి తెచ్చినచో లెక్క పెరుగు తావులు లేకపోలేదు. మార్చిన పాతసామాను చేతికిమ్మనుట, పనికి ముందే ధర వ్రాయించుకొనుట, పనులు చేసిన తేదీలు పుస్తకమున వ్రాసియుంచుట మనలను కాపాడును.

తిరుగు ప్రయాణము దిగుడు. ఎక్కునప్పుడు ఇంజనునకు పరీక్ష, దిగునప్పుడు బ్రేకులకు. ఏ గేరులో నెక్కితిమో ఆ గేరులోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. పెట్రోలు మిగులునని న్యూట్రలులో జాఱవిడుచుట, ఇంజను ఆర్పుట ప్రాణాపాయకరము. బ్రేకును అదేపనిగా నొక్కియుంచక, నొక్కి వేగము తగ్గించి వదలవలెను. కాలిన వాసన వచ్చినను, పెడలు మెత్తబడి లోతునకు పోయినను నిలిపి చల్లారనీయవలెను, నీళ్లు కొట్టరాదు. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు వేడికి మరగి బ్రేకు పట్టదు; కావున ఇంచుమించు రెండేండ్ల కొకసారి మార్పింపవలెను.

పాత బండి మాటలాడును, వినుట నేర్వవలెను. నీలిపొగ వచ్చిన ఇంజనులో నూనె కాలుచున్నదనియు, నల్లపొగ వచ్చిన పెట్రోలు హెచ్చుగా పోవుచున్నదనియు, వేడెక్కిన తరువాతను తీయని వాసనతో తెల్లపొగ వచ్చిన కూలెంటు లోనికి పోవుచున్నదనియు తెలియవలెను. బ్రేకు వేయగా కీచుమన్న ప్యాడు లరిగినవి. ఇంజను పరుగెత్తియు బండి ముందుకు సాగకున్న క్లచ్చి అరిగినది. నడచుచుండగా బ్యాటరీదీపము వెలిగిన బెల్టు తెగియుండవచ్చును. మా బండివంటి వానిలో ఆ బెల్టే నీటిపంపును త్రిప్పును గనుక వెంటనే ఆపవలెను. ఆయిలుదీపము వెలిగినను ఒక్క ఫర్లాంగు కూడ పోరాదు.

వారమున కొకసారి పదినిమిషములు, పప్పు ఉడుకునంత సేపు, వీనికి చాలును. బియ్యములో రాళ్లేరు కన్నులకు, పాలు పొంగు క్షణము నెఱుగు చెవులకు ఈ విద్య కష్టము కాదు. సామాను కూడ స్వల్పమే: జాకీ, స్పానరు, ఫ్యూజులు, కూలెంటు సీసా, టార్చి, పాతగుడ్డలు, బండిపుస్తకము.

మా కారు నమ్మబోవుట లేదు. రిజిస్ట్రేషను పొడిగింపునకు కావలసిన పరీక్షకు దానిని మేమే తీసికొనిపోవుటకు నిశ్చయించితిమి. ఇంటి మగవారును ఒప్పుకొనిరి. వారికి సంగతి చెప్పినది అత్తగారు. హీటరు వేసి తమ్ము ఉడికించితిమన్న ఫిర్యాదును మాత్రము వారు మానలేదు. సోదరీమణులారా! రేపటి యుదయమున మీ వాకిటి బండి మూత నొకసారి యెత్తి చూడుడు. కొంగు దోపుకొనుట మఱువకుడు.